విండోస్ మార్చాలో వద్దో కాగితం మీద చెప్పండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రభుత్వ కంప్యూటర్ల బాధ్యత చూసే అధికారులకు, బడుల, కాలేజీల ల్యాబ్‌లు చూసే పెద్దలకు, కంప్యూటర్ దుకాణాల వారికి, నాలాగే నెట్ సెంటర్లు నడిపే సోదరులకు నమస్కారం.

నేను రాజాంలో చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక వేలిముద్ర పరికరం, ఒక ఇన్వర్టర్. అదే నా బతుకుతెరువు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది కానీ, నా దుకాణానికి వచ్చే మనుషులు మారలేదు. వంగర, సంతకవిటి, రేగిడి వాళ్లూ వస్తారు, అటు జి.సిగడాం, పొందూరు వాళ్లూ వస్తారు. అందుకే రెండు జిల్లాల వారికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రభుత్వ సేవలు అందించే మా ఆపరేటర్ల వాట్సాప్ గ్రూపులో ఒక రాత్రి మెసేజ్ వచ్చింది. అందరూ వారంలోగా విండోస్ 11కి మారాలని, మారకపోతే లాగిన్ ఆగిపోతుందని. దాని కింద సంతకం లేదు, ఉత్తర్వు నంబరు లేదు, ఏ పోర్టల్ లాగిన్ ఆగుతుందో లేదు. మరునాడు పొద్దున్నే కొందరం కలిసి సంబంధిత కార్యాలయానికి వెళ్లాం. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను, ఎవరినీ బజారున పెట్టడం నా ఉద్దేశం కాదు. అర్జీ ఇచ్చాం, తీసుకున్నారు. మూడు వారాలు చూసి రెండో అర్జీ ఇచ్చాం. "పైనుంచి చెప్పారు, మేం చెప్పాం" అన్నారు. ఇప్పటికీ కాగితం మీద ఒక్క ముక్క రాలేదు. ఈలోగా మాలో ఒకతను బంగారం కుదువపెట్టి 38,000 రూపాయలతో కొత్త కంప్యూటర్ కొన్నాడు. దాని మీద అతని పాత వేలిముద్ర పరికరం తొమ్మిది రోజులు పనిచేయలేదు. పాత విండోస్ 10 మీద ఉన్న మా లాగిన్లు మాత్రం ఏమీ ఆగలేదు.

విండోస్ మార్చొద్దని నేను అనడం లేదు. మార్చాల్సిన కంప్యూటర్లు ఉన్నాయి, నాలుగు రోజులు ఆగొచ్చే కంప్యూటర్లు ఉన్నాయి, అసలు మార్చకుండా ఇంటర్నెట్ తీసేసి వాడుకోవాల్సినవీ ఉన్నాయి. ఏది ఏ రకమో తేల్చి చెప్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. బాధంతా అదే.

ముందు అసలు సంగతి చెప్పుకుందాం. ఊళ్లో దీని మీద సగం నిజం, సగం భయం నడుస్తోంది.

విండోస్ 10 వచ్చింది 2015 జులైలో. దానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆగిపోయాయంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. అది మామూలుగానే ఆన్ అవుతుంది, ప్రింట్ తీస్తుంది. ఆ తేదీ తర్వాత బయటపడే లోపాలకు మాత్రం మరమ్మతు రాదు. తలుపు అలాగే ఉంటుంది, గొళ్లెం ఊడితే బిగించే మనిషి ఉండడు. అదనపు అప్‌డేట్ల పథకంలో చేరిన వ్యక్తిగత కంప్యూటర్లకు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 వరకు, ఆ మరమ్మతులు వస్తాయి. దీనికి 30 డాలర్లు కట్టొచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బు కట్టకుండానే చేరొచ్చు. కంప్యూటర్‌లో విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉండాలి. ఈ మాట మాకు ఏ కార్యాలయమూ చెప్పలేదు, ఏ దుకాణమూ చెప్పలేదు. నాకు తెలిసిన నలుగురు ఆపరేటర్లలో ముగ్గురు కొత్త కంప్యూటర్ కొనేశాక తెలుసుకున్నారు.

ఇక విండోస్ 11 ఏ కంప్యూటర్‌లోనైనా ఎక్కేది కాదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి. ర్యామ్ 4జీబీ చాలని కంపెనీ రాసింది కానీ, క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిచి, పక్కన స్కానర్ పెట్టుకుని పనిచేసే మాకు 8జీబీ, ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) లేకపోతే లైన్‌లో ఉన్నవాళ్లకి సమాధానం చెప్పుకోలేం.

ఇంకో సంగతి. "మీ కంప్యూటర్ సపోర్ట్ చేయదు" అని చెప్పి అమ్మేసిన కంప్యూటర్లు కొన్ని నిజానికి చేస్తాయి. టీపీఎం బోర్డులోనే ఉంటుంది, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ వాటిలో పీటీటీ అని, ఏఎండీ వాటిలో ఎఫ్‌టీపీఎం అని కనిపిస్తుంది. నా మూడు కంప్యూటర్లలో ఒకటి సరిగ్గా అలాంటిదే. ఆన్ చేయడానికి నాకు పది నిమిషాలు పట్టింది. అది కూడా చూడకుండా కొనిపించడం అన్యాయం.

ఇప్పుడు ఈ అయోమయం మామూలు జనం మీద ఎలా పడుతోందో చెబుతాను.

1. వేలిముద్ర. నవంబర్ వస్తే రిటైరైన ఉద్యోగులు జీవన్ ప్రమాణ్ కోసం, అంటే బతికే ఉన్నామని పెన్షన్‌కు ఇచ్చే ధ్రువపత్రం కోసం, మా దగ్గరికి వస్తారు. ఫోన్‌లో ముఖం చూపించి చేసుకునే వీలు ఇప్పుడు ఉంది, కానీ డెబ్బై దాటిన వాళ్లకు ఆ ఫోన్ ఎవరు పట్టుకుంటారు? విండోస్ మార్చగానే పరికరం డ్రైవర్, ఆర్‌డీ సర్వీస్ (వేలిముద్రను ఆధార్ పనులకు అందించే సాఫ్ట్‌వేర్) మళ్లీ వేయాలి. ఒక్కోసారి ఆర్‌డీ సర్వీస్ పరికరాన్ని గుర్తించదు, ఒక్కోసారి గుర్తించినా బ్రౌజర్‌తో మాట్లాడదు. మొన్న ఆ తొమ్మిది రోజుల్లో ఒక పెద్దాయన వంగర నుంచి రెండుసార్లు బస్సెక్కి వచ్చి వెనక్కి వెళ్లాడు. మూడోసారి నా దగ్గరికి వచ్చి, "బాబూ, ఏలుముద్ర పడకపోతే నాను బతికి లేనట్టేనేటి?" అన్నాడు. కంప్యూటర్ పాతదో కొత్తదో ఆయనకు అనవసరం. ఆ నెల పెన్షన్ పడుతుందా లేదా, అంతే.

2. విద్యార్థుల ఫైళ్లు. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది ఎవరికీ తెలియకుండా జరుగుతున్న నష్టం. కొత్తగా విండోస్ 11 వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయితే, చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి దానంతట అదే తాళం పడిపోతుంది. దాని తాళంచెవి 48 అంకెలు. ఆ అంకెలు సైన్ ఇన్ అయిన ఖాతాలో ఉంటాయి. మన దగ్గర జరిగేదేమిటంటే, దుకాణంలో కుర్రాడు తొందరలో తన మెయిల్‌తోనో, అప్పటికప్పుడు సృష్టించిన మెయిల్‌తోనో సైన్ ఇన్ చేసి ఇచ్చేస్తాడు. డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ అలాగే చేశారు. కొన్నాళ్లకు బయోస్ మారిందో ఏమో, ఆన్ చేస్తే 48 అంకెలు అడిగింది. ఆ మెయిల్ ఏదో దుకాణంలో ఎవరికీ గుర్తు లేదు. ప్రాజెక్టు రిపోర్టు, స్కాన్ చేసి పెట్టుకున్న సర్టిఫికెట్లు, చనిపోయిన నాన్న ఫోటోలు అందులోనే ఉండిపోయాయి. ఆ అమ్మాయి నా దుకాణంలో కూర్చుని ఏడ్చింది. నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ తాళం నేనే కాదు, ఎవరూ తీయలేరు.

3. దొంగ దారిన ఎక్కించిన విండోస్ 11. సపోర్ట్ లేని కంప్యూటర్‌లో టీపీఎం పరీక్షను దాటవేసి విండోస్ 11 ఎక్కించడం కుదురుతుంది. వెయ్యి, పదిహేను వందలు తీసుకుని చేసేస్తున్నారు. అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ అయితే మరీ పాత ప్రాసెసర్ల మీద అసలు బూట్ కూడా కాదు. భద్రత కోసమని డబ్బు కట్టినవాడికి ఉన్న భద్రత కూడా పోతోంది. దీనికి తోడు క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో యాక్టివేట్ చేస్తారు. ఆ క్రాక్ పనిచేయడానికి ముందుగా యాంటీవైరస్ ఆపేస్తారు. అదే కంప్యూటర్‌లో జనం ఆధార్ కాపీలు ఉంటాయి.

4. డీటీపీ వాళ్లు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పంచాయతీ నోటీసులు ఈ ప్రాంతంలో ఇంకా చాలావరకు అను అనే పాత తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లోనే తయారవుతున్నాయి. ఆ ఫైళ్లు యూనికోడ్ కావు, అంటే ఆ ఫాంట్లు లేకుండా అక్షరాలు సరిగా కనిపించవు. పేజ్‌మేకర్ 7కి కొత్త వెర్షన్ ఇక రాదు. కొత్త సిస్టంలో ఫాంట్ మేనేజర్ సరిగా పనిచేయకపోతే పదిహేనేళ్ల పని తెరుచుకోదు, తెరుచుకున్నా ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడతాయి.

5. అప్పు. మా సంపాదన పేజీకి రెండు, మూడు రూపాయల లెక్కన వస్తుంది. అనవసరంగా కొన్న కంప్యూటర్ ఖర్చు చివరికి రేషన్ కార్డు ఈ-కేవైసీకి వచ్చినవాడి మీద, స్కాలర్‌షిప్ దరఖాస్తుకి వచ్చినవాడి మీదే పడుతుంది.

అవతలి పక్క కూడా చెప్పాలి. "నడుస్తోంది కదా, వదిలేయండి" అనేవాళ్ల మాటా నాకు ఒప్పుదల కాదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ వార్తల్లో ఉన్న జిల్లాల పేర్లలో శ్రీకాకుళం ఒకటి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మరమ్మతు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని వాళ్లే నష్టపోయారు. విండోస్ 7 సంగతీ చూశాం. దానికి 2020 జనవరిలో మద్దతు ఆగింది, 2023లో క్రోమ్ కూడా వదిలేసింది. ఆ తర్వాత ఒక్కో వెబ్‌సైట్ తెరుచుకోవడం మానేసింది. ఇప్పటికీ విండోస్ 7 మీద జనం ఆధార్ నంబర్లు కొడుతున్న నెట్ సెంటర్లు మన దగ్గర ఉన్నాయి. సోదరులారా, అది తప్పు. మన మీద నమ్మకంతో వేలు పెట్టినవాళ్లకు మనం చేస్తున్న ద్రోహం.

కాబట్టి నా దృష్టిలో నిర్ణయం కంప్యూటర్ వయసును బట్టి కాదు, అది చేసే పనిని బట్టి జరగాలి. ఆధార్, బ్యాంకు, డిజిటల్ సంతకం పనులు జరిగే కంప్యూటర్ ముందు మారాలి, అందులో రాజీ లేదు. దరఖాస్తులు నింపే, ప్రింట్లు తీసే సొంత కంప్యూటర్‌ని అదనపు అప్‌డేట్లలో చేర్చి, ఆ గడువులోగా డబ్బు కూడబెట్టుకుని మార్చుకోవచ్చు. అను ఫాంట్ల ఫైళ్లున్న డీటీపీ కంప్యూటర్‌కి నెట్ తీగ పీకేసి, వైఫై ఆపేసి, పెన్‌డ్రైవ్‌ని వేరే కంప్యూటర్‌లో స్కాన్ చేశాకే పెడుతూ వాడుకోవచ్చు. నేను మూడో కంప్యూటర్‌ని అలాగే ఉంచాను.

బడుల ల్యాబ్‌ల సంగతి వేరు, అక్కడే మనకు వెసులుబాటు ఎక్కువ. విద్యాసంస్థలకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అదనపు అప్‌డేట్ల ధర కంప్యూటర్‌కు మొదటి ఏడాది 1 డాలర్, రెండో ఏడాది 2, మూడో ఏడాది 4. మామూలు సంస్థలకు మొదటి ఏడాదే 61 డాలర్లు, ఏటా రెట్టింపు. ఆలస్యంగా చేరితే గడిచిన ఏడాది డబ్బు కూడా కట్టాలి. అంటే దాదాపు వంద రూపాయల ఖర్చుతో ఒక బడి కంప్యూటర్‌ని మొదటి ఏడాది కాపాడొచ్చు. ల్యాబ్ పాతదైపోయిందని తాళం వేసిన బడిని నేను కళ్లారా చూశాను. పోనీ విండోసే వద్దనుకుంటే, దానికి బదులుగా ఉచితంగా వాడుకోగల లినక్స్ ఉంది. కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు, అక్కడి కైట్ సంస్థ ఉబుంటు ఆధారంగా బడుల కోసమే ఒకటి తయారుచేసింది. కేంద్రానికి చెందిన సీడాక్ బాస్ లినక్స్ ఇచ్చింది. మన తెలుగువాళ్లలో స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ కోసం పనిచేసింది. వేలిముద్ర పరికరాలకు లినక్స్ పెట్టుకోమని నేను చెప్పను, ఆ తంటాలు వద్దు. టైపింగ్, లెక్కల షీట్లు, బొమ్మలు, కోడింగ్ నేర్చుకునే పిల్లలకు 4జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ మీద లినక్స్ చక్కగా నడుస్తుంది.

మా డిమాండ్లు ఇవి.

1. విండోస్ మార్పు గురించి ఏ ఆదేశం ఇచ్చినా నంబరు, తేదీ, సంతకంతో తెలుగులో ఇవ్వండి. ఏ పోర్టల్‌కి ఏ వెర్షన్ కావాలో, ఏ తేదీ నుంచి పాతది చెల్లదో అందులో ఉండాలి. వాట్సాప్ మెసేజ్‌ని ఆదేశంగా చెలామణి కానివ్వకండి.

2. మారమని చెప్పే ముందు మీ దగ్గర ఒక కంప్యూటర్‌లో మార్చి, మేం వాడే వేలిముద్ర పరికరాలు, ఐరిస్ పరికరాలు, డిజిటల్ సంతకం టోకెన్లు, ప్రింటర్లు పనిచేస్తున్నాయో లేదో చూడండి. పనిచేసే మోడళ్ల జాబితా నోటీసు బోర్డులో పెట్టండి. ఇందుకు ఒక టేబుల్, ఒక మనిషి, రెండు రోజులు చాలు.

3. కనీసం 60 రోజుల గడువు ఇవ్వండి. నవంబర్‌లోనూ, పరీక్షల దరఖాస్తులు, కౌన్సెలింగ్‌లు జరిగే రోజుల్లోనూ, తుపాను హెచ్చరిక ఉన్న వారంలోనూ మార్పు పెట్టకండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను తర్వాత పలాస వైపు కరెంటు కోసం, నెట్ కోసం జనం ఎలా పడిగాపులు కాశారో మీకు తెలుసు. విండోస్ 11 డౌన్‌లోడ్ 5జీబీ పైమాటే. ఊళ్లలో ఫోన్ హాట్‌స్పాట్ మీద దించుకుంటుండగా కరెంటు పోతే పని సగంలో ఆగిపోతుంది. మండల కేంద్రంలో ఒక పెన్‌డ్రైవ్‌లో అసలు సెటప్ ఫైల్ పెట్టి, వచ్చినవాళ్లకు కాపీ చేసుకోనివ్వండి.

4. ప్రభుత్వ బడులు, కాలేజీల్లో ఉన్న కంప్యూటర్లను లెక్క తీయండి. ఏవి మారతాయి, వేటికి అదనపు అప్‌డేట్లు కొనాలి, వేటి మీద లినక్స్ వేయాలి అని మూడు వరుసల పట్టిక చాలు. అది తేలే వరకు ఏ ల్యాబ్‌నీ మూయకండి, ఏ కంప్యూటర్‌నీ తుక్కు కింద వేలం వేయకండి. పాతవి తీసేయాల్సి వస్తే డిస్కులు పూర్తిగా తుడిచాకే బయటికి పంపండి. వాటిలో పిల్లల వివరాలు ఉంటాయి.

5. సొంత డబ్బుతో పరికరాలు కొని ప్రభుత్వ సేవలు అందించే ఆపరేటర్లకు, మార్పు తప్పనిసరి చేస్తే, వడ్డీ లేని చిన్న రుణం ఇప్పించండి.

6. కంప్యూటర్ దుకాణాల వారికి మనవి. కస్టమర్ సొంత మెయిల్‌తోనే సైన్ ఇన్ చేయండి. 48 అంకెల తాళంచెవి ప్రింట్ తీసి చేతికి ఇవ్వండి. ఫార్మాట్ చేసే ముందు డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ మూడూ కాపీ తీశామని బిల్లు మీద రాయండి. సపోర్ట్ లేని కంప్యూటర్‌లో దొంగ దారిన ఎక్కిస్తుంటే ఆ మాట ముందే చెప్పండి.

సోదర ఆపరేటర్లకు ఒక్క మాట. విండోస్ 10 మీద నుంచి నేరుగా అప్‌గ్రేడ్ చేసుకుంటే పది రోజుల లోపు వెనక్కి వెళ్లే వీలు ఉంటుంది. ఆ పది రోజుల్లో మీరు వాడే ప్రతి పోర్టల్‌నీ, ప్రతి పరికరాన్నీ ఒకసారి చూసుకోండి. డిస్క్ నిండిందని పాత విండోస్ ఫోల్డర్‌ని తొందరపడి తీసేయకండి, తీసేస్తే వెనక్కి దారి ఉండదు. మూడు కంప్యూటర్లుంటే ఒకదాన్నే ముందు మార్చండి.

ఈ ఉత్తరం కాపీతో పాటు మా రెండు అర్జీల నకళ్లు, నా కంప్యూటర్లు మూడింటి వివరాలు, మార్చినప్పుడు ఏది పనిచేసింది, ఏది ఆగింది అన్న పట్టిక సిద్ధంగా పెట్టాను. అధికారులు పిలిస్తే ఏ రోజైనా ఆ కంప్యూటర్లను తీసుకుని వస్తాను, మీ ముందే పరీక్షించి చూపిస్తాను. 30 రోజుల్లోగా మొదటి రెండు డిమాండ్లకు కాగితం మీద జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. రాకపోతే రెండు జిల్లాల ఆపరేటర్లం కలిసి మూడో అర్జీతో, సమాచార హక్కు దరఖాస్తుతో వస్తాం.

ఇట్లు,
రాజాం నుంచి ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు